అంచుకీ నీటికీ జానెడు

17 మే 2018

ఆర్డర్ల పుస్తకంలో ముందు పేజీలన్నీ పూతరేకుల లెక్కలతో నిండిపోయాయి. అందుకని వెనక నుంచి రాస్తున్నాను.

మొన్న మంగళవారం మంటూరు దగ్గర గాలివానకి లాంచీ మునిగిపోయింది. టీవీలో చూపిస్తుంటే చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయి కుండ మీద రేకు మాడింది. ఆ లాంచీలో ఉన్నవాళ్ళు పాపికొండలు చూడ్డానికి వచ్చినవాళ్ళు కాదు. కొండమొదలు వైపు మన్యంలో ఉండేవాళ్ళు. రోడ్డు లేని ఊళ్ళకి లాంచీయే బస్సు, లాంచీయే లారీ. సంతకి పోవాలన్నా, ఆస్పత్రికి పోవాలన్నా, ఇంటికి నాలుగు సిమెంటు బస్తాలు తెచ్చుకోవాలన్నా అదే. జల్లు కొడుతోందని తలుపులు వేసుకున్నారట. ఆ తలుపులే వాళ్ళని బయటికి రానివ్వలేదట.

తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు దిగువన ఒక రేవులో, మనుషుల్నీ బళ్ళనీ దాటించే పంటు మీద సరంగు. "ఇక్కడ బానే ఉందక్కా. గాలి లేస్తే కట్టేస్తాం" అన్నాడు. "కట్టేయనిస్తారా?" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత అమ్మ మోకాళ్ళ నొప్పి గురించి అడిగాడు.

రాత్రి పడుకుంటే నాన్న చెయ్యి గుర్తొచ్చింది. కట్టు విప్పే ముందు నాన్న పడవ అంచు మీద నుంచి కిందికి వంగి, బొటనవేలు నీటికి ఆనించి, చిటికెన వేలు అంచు వైపు చాపేవాడు. జానెడు. చిటికెన వేలు అంచు దాటి పైకి వచ్చిందంటే బరువు ఎక్కువైనట్టు. అప్పుడు లేచి నిలబడి, చెయ్యి పంచెకి తుడుచుకుని, ఎవరి మొహమూ చూడకుండా "ఇద్దరు దిగండి" అనేవాడు. ఆ ఇద్దరూ ఎవరన్నది వాళ్ళలో వాళ్ళు తేల్చుకోవాల్సిందే. మొహం చూస్తే దింపలేరని నాకు ఇన్నాళ్ళకి తెలిసింది.

15 జూలై 2018

నిన్న పశువుల్లంక. గౌతమి మీద. బడి నుంచి ఇళ్ళకి పోతున్న పిల్లలు. పక్కనే కొత్తగా కడుతున్న వంతెన స్తంభానికి తగిలి పడవ తిరగబడింది. ఏరు ఎర్రగా, సుడులు తిరుగుతూ ఉన్న రోజులు. పొద్దుటి నుంచి వెతుకుతూనే ఉన్నారు. పుస్తకాల సంచులు చూపించారు. టీవీ కట్టేశాను.

ఈ రోజు ఒక్క రేకు తీయలేదు.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. వరదకి రేవు మూసేశారు. అరుగు మీద కూర్చుని చాలాసేపటికి నోరు విప్పాడు. వాడు చెప్పింది మర్చిపోకుండా రాసుకుంటున్నాను.

రేవు పాటకి పోతుంది. ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళది ఏడాది పాటు రేవు. పాటదారు ఆ డబ్బంతా మనుషుల మీదా బళ్ళ మీదా రాబట్టుకోవాలి. వానాకాలంలో వరదకి రేవు కొన్నాళ్ళు మూత. ఎండాకాలంలో ఇసుక మేటలు వేసి పంటు నేలకి తగులుతుంటే సగం రోజులు తంటాలే. మిగిలిన రోజుల్లోనే పాట డబ్బు రావాలి, డీజిలు రావాలి, కూలీలు రావాలి, పైన నాలుగు రూపాయలు మిగలాలి. పంటు నిండాక ఇంకొక్క బండి ఎక్కిందనుకో, దానికి వేరే డీజిలు లేదు, వేరే మనిషి లేదు. అదంతా మిగులే. "ఆ ఒక్క బండినీ నేను వద్దంటే వాళ్ళ జేబులోంచి తీసినట్టే కదక్కా. నాకు సాయంత్రం కూలి ఇచ్చేదీ ఆ జేబే."

టీవీలో పెద్దవాళ్ళు చాలామంది మాట్లాడారు. లైఫ్ జాకెట్లు లేవన్నారు, లైసెన్సు లేదన్నారు, తనిఖీ లేదన్నారు. అవన్నీ కావాలి, ఎవరు కాదంటారు. కాలువలకీ రేవులకీ 1890లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసిందని మా వీధి మేష్టారు చెప్పారు. కానీ వద్దని చెప్పాల్సిన మనిషికి ఆ పూట అన్నం ఎవరు పెడుతున్నారన్నది ఒక్కరూ అడగలేదు. నాకు అదే అడగాలనిపిస్తోంది.

19 నవంబర్ 2018

కార్తీక సోమవారం. అమ్మాయి ఇంటికి ముక్తేశ్వరం వెళ్ళి, పొద్దున్నే పంటు మీద గౌతమి దాటి కోటిపల్లి సోమేశ్వరుణ్ణి చూసి వచ్చాం. నదీస్నానం, దీపాలు. మనవడికి గుడి కంటే పంటే నచ్చింది. వాణ్ణి అనేదేముంది, నేనూ పంటునే చూస్తూ కూర్చున్నాను.

రెండు పడవలు పక్కపక్కన బిగించి, పైన బల్లలు పరిచి చదును చేస్తే పంటు. నడపడం కష్టమనుకుంటారు చూసేవాళ్ళు. అసలు కష్టం ఎక్కించడంలో ఉంది. సరంగు ముందు కారుని రానిచ్చాడు. దాన్ని సరిగ్గా నడుమ నిలబెట్టించి, చక్రాల కింద చెక్కలు తోశాడు. తరవాత ఆటోలు, అటొకటి ఇటొకటి. ఒక వైపు ఆటోలో కొబ్బరికాయల బస్తాలున్నాయి, రెండో వైపుది ఖాళీ. అందుకని ఖాళీ ఆటో వైపు మోటారు సైకిళ్ళు ఎక్కువ పెట్టించాడు. ఆ సందుల్లో పాల క్యాన్లు, కూరగాయల బుట్టలు, ఎవరో ఆడపిల్లకి సారె ఇస్తున్న ఇనుప బీరువా. ఆఖర్న మనుషులం. "అమ్మా, మీరు ఇటు రండి. బాబూ, నువ్వటు నిలబడు" అంటుంటే ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయన బరువు తూచుకుంటున్నాడు, అంతే. తక్కెడ లేదు, కాటా లేదు. కాళ్ళ కింద బల్ల ఎటు వాలుతోందో అరికాలికి తెలుస్తుంది.

పంటు తిన్నగా పోలేదు. ముందు గట్టు వారనే ఎగువకి ఎక్కించాడు. గట్టు దగ్గర నీటికి వడి తక్కువ. అక్కడి నుంచి ఏట్లోకి మళ్ళించాక ప్రవాహం మమ్మల్ని దిగువకి నెట్టుకుంటూ పోయి, సరిగ్గా అవతలి రేవు మొగలో పెట్టింది. ఎంత ఎక్కించాలన్నది ఆ రోజు నీటిని బట్టి. నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. మేటలు కూడా అంతే, ఒక వరదకి ఒక చోట, ఇంకో వరదకి ఇంకో చోట.

పక్కనే నదిలో రైలు వంతెన స్తంభాలు లేస్తున్నాయి. కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు తెల్లవాళ్ళ కాలంలోనే వచ్చింది. యుద్ధం రోజుల్లో పట్టాలు పీక్కుపోయారు. మళ్ళీ 2004లో రైలు తిరిగింది. అది నరసాపురం దాకా పోవాలంటే గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడూ దాటాలి. రోడ్డు మీద అయితే ఇక్కడివాళ్ళు ఇటు ఎదుర్లంక వంతెనకో అటు జొన్నాడ వంతెనకో చుట్టు తిరిగి పోవాలి. అందుకే పంటు నిండుతోంది. వంతెన రావాలి. నేను రావద్దనే మనిషిని కాదు. రాత్రి పూట పురుటి నొప్పులొచ్చిన పిల్లని మంచంతో సహా పడవలో దాటించిన ఊరు మాది. రేవులో లాంతరు పట్టుకుని నిలబడ్డ అమ్మ ఎన్ని మొక్కులు మొక్కుకునేదో నాకు తెలుసు.

16 సెప్టెంబర్ 2019

నిన్న ఆదివారం. కచ్చులూరు దగ్గర బోటు మునిగిపోయింది. ఏమీ రాయలేను.

23 అక్టోబర్ 2019

నిన్న బోటుని బయటికి తీశారు. ఐదు వారాలు దాటింది. కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం గారి బృందం లంగర్లు వేసి, ఇనుప తాళ్ళు వేసి, తెగితే మళ్ళీ వేసి లాగారు. ఎంతమందో వల్ల కాదన్న పని అది. నీటి కింద ఏముందో తాడు బిగువుని బట్టి చెప్పగలిగినవాళ్ళు. పెద్ద పెద్ద చదువులవాళ్ళ మధ్య ఆ మనుషులు లుంగీలు ఎగ్గట్టుకుని నిలబడితే నాకు నాన్నని చూసినట్టే అనిపించింది.

తమ్ముడు ఫోన్‌లో అన్నాడు: "బయటికి తీసినాయన పేరు లోకమంతా తెలిసిందక్కా. మంచిదే, తెలియాలి. ఎక్కడో ఒక రేవులో, ఒక పూట, పడవ కదలనివ్వకుండా ఆపినోడి పేరు ఎవరికి తెలుస్తుంది చెప్పు?"

9 ఫిబ్రవరి 2020

తమ్ముడు పని పోగొట్టుకుని వచ్చాడు.

మాఘమాసం, ముహూర్తాల రోజు. పెళ్ళివారి వ్యాను, ఆటోలు, పట్టుచీరలు, పిల్లలు. పంటు నిండిపోయింది. బల్ల లాగేస్తుండగా ఇటుకల ట్రాక్టరు వచ్చి రేవులో ఆగింది. ఎక్కించమని పాటదారు తాలూకు మనిషి. పడమటి గాలి లేస్తోంది. తమ్ముడు అంచు మీద నుంచి వంగి చెయ్యి చాపి చూసుకున్నాడు. ఇంజను ఆపేశాడు. "ట్రాక్టరైనా ఆగాలి, జనమైనా దిగాలి" అన్నాడు.

పెళ్ళివారు గోల పెట్టారు. ముహూర్తం దాటిపోతోందని ఒకాయన, ఏం మనిషివయ్యా అని ఇంకొకాయన. దిగడానికి ఎవరూ సిద్ధంగా లేరు, ట్రాక్టరుని వదులుకోడానికి ఆ మనిషి సిద్ధంగా లేడు. "అయితే నువ్వే దిగు" అన్నాడు. వీడు దిగాడు. తమ్ముడి కింద రెండేళ్ళుగా పని నేర్చుకుంటున్న కుర్రాడు చుక్కాని పట్టుకున్నాడు. వీడు గట్టు మీద నిలబడి, పంటు అవతల ఆనేదాకా రెప్ప వేయకుండా చూశాడట.

చేరింది. ట్రాక్టరు దిగింది, పెళ్ళివారు దిగారు, ముహూర్తానికి అందుకున్నారు కూడా.

"ఏమీ కాలేదు కదా" అన్నారట రేవులో టీ కొట్టు దగ్గర. "ఏమీ కాలేదు కదరా, ఎందుకురా అంత పంతం?" వాడికి పని పోయినందుకు కాదు బాధ, ఆ మాట తగిలింది. అన్నం కలిపి పెడితే నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేశాడు. "అక్కా, మునగాలని నేను కోరుకోలేదు కదా. కానీ అటు చేరుతుంటే నా తప్పు రుజువైపోతున్నట్టే అనిపించింది" అన్నాడు.

వాడు పడుకున్నాక ఇదంతా ఆలోచిస్తూ కూర్చున్నాను. ముప్ఫై ఏళ్ళు నాన్న రోజూ ఎవరో ఒకరిని దింపాడు. ఆ ముప్ఫై ఏళ్ళూ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే ఆయన చేసిన పని. దానికి సాక్ష్యం ఎక్కడ చూపిస్తాం? దింపినందుకు మునగలేదా, దింపకపోయినా మునిగేది కాదా, ఏ దేవుడు చెప్పగలడు? అందుకే "దిగండి" అన్నవాడికి ఎప్పుడూ తిట్లే. పడవ మునిగిన రోజున మాత్రం సరంగు ఏం చేస్తున్నాడని అందరూ అడుగుతారు. ఇది అన్యాయం. నా తమ్ముడని అనడం లేదు, ఎవరి తమ్ముడైనా అన్యాయమే.

29 మార్చి 2020

లాక్‌డౌను. రావులపాలెం రోడ్డు మీద ఒక్క బండి లేదు. పెళ్ళిళ్ళు ఆగిపోయాయి, రేకులు ఆగిపోయాయి. పొద్దున్నే కాలవ గట్టున కూర్చుంటే నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఎన్నేళ్ళయిందో ఆ చప్పుడు విని.

మా ఊరి కాలవ ఇప్పుడు పొలాలకి నీళ్ళిచ్చే కాలవ. నా చిన్నతనంలో అది దారి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశారని బళ్ళో చదువుకున్నాం. కాటన్ దొర కాలవలు తవ్వించింది నీటి కోసం మాత్రమే కాదు, పడవల కోసం కూడా. రైలు కన్నా పడవ చవకని పట్టుబట్టి వాదించిన మనిషి ఆయన. అందుకే కాలవ పల్లానికి దిగే చోటల్లా లాకులు కట్టారు. ధవళేశ్వరంలో ఎక్కిన సరుకు తూర్పు కాలవలో కాకినాడ పోయేది, పడమటి కాలవలో ఏలూరు పోయేది, అటు నుంచి కృష్ణ కాలవల్లో పడి బకింగ్‌హాం కాలవ మీదుగా మద్రాసు దాకా కూడా పోయేది. మా మధ్య డెల్టాకి బొబ్బర్లంకే తల. నాన్న బొబ్బర్లంక నుంచి లొల్ల మీదుగా అమలాపురం వైపు పడవ నడిపేవాడు. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, అరటి గెలలు, పెంకులు. పల్లానికి పోయేటప్పుడు నీరే తీసుకుపోతుంది. తిరిగి ఎగువకి రావాలంటే ఇద్దరు మనుషులు తాడు భుజానికి వేసుకుని గట్టు మీద నడుస్తూ లాగాలి. నాన్న భుజం మీద ఆ తాడు ఒరిపిడికి చర్మం బొప్పి కట్టి నల్లగా ఉండేది. స్నానం చేయిస్తూ అమ్మ అక్కడ మాత్రం గట్టిగా రుద్దేది కాదు.

బడి సెలవుల్లో మమ్మల్నీ ఎక్కించుకునేవాడు. లొల్ల లాకుల్లోకి పడవ పోవడం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. పడవ లాకులోకి పోయాక వెనక తలుపులు మూసేస్తారు. పైన లస్కరు హ్యాండిలు తిప్పుతాడు. తూముల్లోంచి నీళ్ళు దిగువకి పోతుంటే పడవ మెల్లగా కిందికి దిగుతుంది. చుట్టూ గోడలు పైకి లేస్తున్నట్టు ఉంటుంది. నాచు పట్టిన రాళ్ళు, చల్లటి వాసన, ఆకాశం చిన్నదైపోతుంది. తమ్ముడు నా జడ గట్టిగా పట్టుకునేవాడు. నాన్న మాత్రం తాడు వైపే చూసేవాడు. పై రాటకి చుట్టిన తాడుని చేతుల్లోంచి కొంచెం కొంచెం జారనిచ్చేవాడు. బిగించి కట్టేశాడంటే నీళ్ళు దిగిపోయాక పడవ తాడుకి వేలాడి ఒక పక్కకి ఒరిగిపోతుంది. వదిలేశాడంటే గోడకి కొట్టుకుంటుంది. నీళ్ళు ఎంత దిగితే అంతే జారాలి తాడు. కింద తలుపులు తెరుచుకుని ఎండ ఒక్కసారి మొహాన పడినప్పుడు తమ్ముడు నా జడ వదిలేవాడు.

ఎండాకాలం కాలవలు కట్టేసిన రోజుల్లో పడవని గట్టుకి లాగి, చెక్కల సందుల్లో నార కుక్కి, గుగ్గిలం పట్టించేవారు. ఇల్లంతా గుగ్గిలం వాసన.

మా నాయనమ్మ తీసిన రేకులు కూడా ఆ పడవ మీదే పోయేవి. రేకుకి చెమ్మ పడదు. కాగితం కన్నా పల్చన, తడి గాలి తగిలితే మెత్తబడి ముద్దవుతుంది. డబ్బాలో పెట్టి గుడ్డ బిగించి కట్టి, ధాన్యం బస్తాల మీద, గూడు కింద పెట్టేవాడు నాన్న. నీటి మీద ప్రయాణం చేసి పొడిగా దిగాలి. ఎన్నడూ ఒక్క డబ్బా తడిపి తేలేదని నాయనమ్మ అందరికీ చెప్పుకునేది.

రోడ్లు పడ్డాయి, లారీలొచ్చాయి. లారీ ధాన్యాన్ని కళ్ళం దగ్గరే ఎక్కించుకుంటుంది, మిల్లు గుమ్మంలో దింపుతుంది. పడవకి సరుకు గట్టు దాకా మోయాలి, దిగాక మళ్ళీ మోయాలి. కాలవ పడవలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. నాన్న ఏటి మీద రేవు పడవకి మారాడు. తరవాత 1982 నాటికి బ్యారేజీ పూర్తయి, దాని మీద రోడ్డు కూడా పడింది. రాజమండ్రి పోవడానికి ఇక పడవ అక్కర్లేకపోయింది. మొదటిసారి బస్సులో బ్యారేజీ దాటినప్పుడు నాన్న కిటికీ పక్కన కూర్చుని కిందికి చూస్తూ ఉన్నాడు. బస్సు నిండా జనం, మెట్ల మీద కూడా వేలాడుతున్నారు. "ఎంతమందిని ఎక్కించాడు!" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు.

16 జూలై 2022

ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక దాటేసింది. 11.75 అడుగులకి మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇక్కడ చిన్నపిల్లలకి కూడా ఈ అంకెలు ఎక్కాల్లా వచ్చు. 86లోనూ 2006లోనూ ఇంతకన్నా పెద్ద వరదలే చూశాం, కానీ అవి ఆగస్టు నెలలు. జూలైలో ఇంత నీరు నేనెప్పుడూ చూడలేదు. ఏటిగట్టు మీద రాత్రంతా మనుషులు కాపలా. ఇసుక బస్తాలు సిద్ధంగా పెట్టారు.

ఊరి కుర్రాళ్ళు తమ్ముడి కోసం వచ్చారు. పంటు పని పోయినప్పటి నుంచీ వాడు కొన్నాళ్ళు ఆటో తోలాడు, కొన్నాళ్ళు ఇసుక పడవల మీదికి పోయాడు. "బాబాయ్, లంకలో జనం ఉండిపోయారు. మీరు రావాలండి" అన్నారు. "ఆయ్, వస్తన్నాను పదండి" అని చొక్కా వేసుకుంటూనే బయల్దేరాడు.

18 జూలై 2022

25 లక్షల క్యూసెక్కులు దాటిందట నిన్న. తమ్ముడు రెండు రాత్రులు నిద్రపోలేదు.

నడి ఏట్లోకి ఎవరూ పోరు, పోకూడదు. పడవ నడిచేది మునిగిపోయిన లంక పొలాల మీద. అది ఇంకా కష్టం. కింద అరటి తోటలు, కంచెలు, బోరు గొట్టాలు, ఎక్కడేముందో కనిపించదు. కరెంటు తీసేశారని తెలిసినా తీగల కింద నుంచి పోతుంటే అందరూ తలలు వంచుకున్నారట. ఒకసారి ఇంజను ఫ్యానుకి అరటి నార చుట్టుకుని ఆగిపోయింది. వీడు నడుంకి తాడు కట్టుకుని దిగి, కొడవలితో కోసి తీశాడు.

నేను పులిహోర పొట్లాలు కట్టించి ఏటిగట్టుకి తీసుకెళ్ళాను. అక్కడ చూశాను. లంక వైపు ఖాళీ పడవతో వెళ్ళి, జనంతో తిరిగొచ్చాడు. ముసలివాళ్ళు, పిల్లలు, రెండు మేకలు, ఒక గ్యాసు బండ. దింపి మళ్ళీ వెళ్ళాడు. అక్కడ ఒకతను మోటారు సైకిలు ఎక్కించమని బతిమాలాడట. కొత్త బండి, వాయిదాలు కూడా తీరలేదు. వీడు అంచు నుంచి చెయ్యి చాపి చూసి "మనుషులయ్యాక" అన్నాడట. అతను ఏడ్చాడట. మొత్తం ఏడు తడవలు తిరిగాక, చీకటి పడే ముందు ఎనిమిదో తడవ ఆ బండి కోసమే వెళ్ళాడు. తీసుకొచ్చాడు కూడా. దాన్ని గట్టు మీద నిలబెట్టి చేతులు దులుపుకుంటుంటే అతను వీడి రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఆ రెండు రోజులూ వీడు దిగమంటే దిగారు, ఆగమంటే ఆగారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. డీజిలు ఊరు పోసింది. తలకింత అని ఎవరూ లెక్క కట్టలేదు. చూస్తున్నంతసేపూ నాకు అదే మనసులో తిరిగింది. మనిషి అదే, నీరు ఇంకా భయంకరంగా ఉంది, అదే చెయ్యి అదే జానెడు. రేవులో చెల్లని మాట ఇక్కడ చెల్లింది.

16 జూన్ 2023

మా ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. వీధంతా సంబరం. ఫోన్లే ఫోన్లు. నాయనమ్మ ఉంటే నాలుగు రేకులు నాన్న పడవకి కట్టించేది. బెల్లం రేకులు 250, పంచదారవి 100, రేపటికి.

12 జనవరి 2025

సంక్రాంతికి మన కాలవలో పడవ పోటీలు. కాటన్ దొర పేరు మీద గోదావరి ట్రోఫీ అని పెట్టారు. పొడుగాటి పడవలు, ఒక్కో దాంట్లో వరసగా కూర్చుని తెడ్లు వేసేవాళ్ళు, ముందు డప్పు. గట్టుకి రెండు పక్కలా ఇసుకేస్తే రాలనంత జనం. ఎన్ని దశాబ్దాల తరవాతో ఆ కాలవలో తెడ్డు పడిన చప్పుడు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి, పైట చెంగుతో తుడుచుకున్నాను. సంతోషమే.

తమ్ముడు ఎవరు ముందున్నారో చూడలేదు. వాడు లెక్క పెడుతున్నాడు. "అందరికీ జాకెట్లు ఉన్నాయక్కా. వెనకాల ఖాళీ పడవ ఒకటి తోడు పోతోంది చూశావా?" అన్నాడు. పందేనికి ఇంత చేయగలిగినవాళ్ళం రోజూ దాటే రేవుకి చేయలేమా అని నేను పైకే అన్నాను. పక్కనున్న ఆవిడ నా వైపు తిరిగి చూసింది. "మా పుట్టిల్లు లంకేనండి" అంది. ఇద్దరం కాసేపు ఆ మాటే మాట్లాడుకున్నాం.

11 మే 2025

తమ్ముడికి పని దొరికింది. ఇలాంటిది దొరుకుతుందని నేను అనుకోలేదు.

2022 వరదప్పుడు వీడు దాటించిన లంకవాళ్ళే వచ్చారు. నలభై ఇళ్ళు కలిసి డబ్బు వేసుకుని పాత పడవ ఒకటి కొన్నారు. మూల కూర్చున్నతను ఆ మోటారు సైకిలు మనిషి. పిల్లల్ని బడికి దాటించాలి, పాలు, కూరగాయలు, పశువుల దాణా దాటించాలి. ఇంటికింత అని నెలనెలా వేసుకుంటారు. ఎక్కినప్పుడు ఎవరూ డబ్బు ఇవ్వక్కర్లేదు. వీడికి నెల జీతం. ఎంతమంది ఎక్కినా అంతే, ఎవరూ ఎక్కకపోయినా అంతే.

వీడు ఒక్కటే అడిగాడు: "పడవ ఎప్పుడు కదలాలో, ఎంతమంది ఎక్కాలో నేను చెప్పిందేనండి. తిట్టుకోండి, పర్లేదు. దిగమంటే దిగాలి." పెద్దాయన ఒకాయన "మా పిల్లలేనయ్యా ఎక్కేది" అన్నాడు. అంతటితో అయిపోయింది. అన్ని రేవుల్లోనూ ఇలా కుదురుతుందని నేను అనుకోను, పెద్ద రేవులు వేరు, పాటలు వేరు. కానీ కుదిరిన చోట చూశాను కాబట్టి రాసుకుంటున్నాను.

ఇవాళ పడవకి రంగు వేశారు. కాలవలు కట్టేసిన రోజులు, గట్టు మీద చింత చెట్టు నీడలో బోర్లించి పెట్టారు. అడుగుకి తారు అయిపోయింది. అప్పుడు నలుగురు కలిసి దాన్ని నిలబెట్టి పట్టుకున్నారు. తమ్ముడు పై అంచు దగ్గర చిటికెన వేలు ఆనించి, అరచెయ్యి కిందికి చాపి, బొటనవేలు తగిలిన చోట సుద్దతో చుక్క పెట్టాడు. మూరకొక చుక్క, చుట్టూ. తరవాత తెల్ల రంగు డబ్బా నా చేతికిచ్చి, చుక్కలు కలుపుతూ కుంచెతో గీత లాగడం మొదలుపెట్టాడు. "ఇక నా చెయ్యి అక్కర్లేదు. ఈ గీత మునిగితే పిల్లలకైనా తెలుస్తుంది" అన్నాడు.

ముక్కు దగ్గరికి వచ్చేసరికి వంపులో గీత వంకర పోయింది. గుడ్డతో తుడిచేసి మళ్ళీ వేశాడు. లంక పిల్లలు నలుగురు చుట్టూ మూగారు. ఒకడు గీతకి చెయ్యి ఆనించి చూశాడు, వాడి జాన దానికి చాలలేదు. వేలికి అంటిన తెల్ల రంగు నిక్కరుకి పూసుకున్నాడు.

సాయంత్రం దాకా ఆరలేదు. రేపు దింపుతారు.